మైనం మాట కల్ల.. ఉప్పు మాట నిజం!

నూడుల్స్ నుంచి రేషన్ బియ్యం దాకా పుకార్ల షికార్లు

నల్గొండ: ‘నూడుల్స్‌కు మైనం పూస్తారు. అది పేగులకు అంటుకుని మూడు రోజులైనా కదలదు. పిల్లలకు పెట్టకండి. ఈ సందేశాన్ని పది మందికి పంపి పుణ్యం కట్టుకోండి’. జిల్లాలోని గ్రామ బృందాల్లోనూ, పాఠశాలల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఏడాదికి రెండు మూడు పర్యాయాలైనా చక్కర్లు కొట్టే సందేశమిది. దీని వయసు పాతికేళ్లు పైమాటే. 2000 సంవత్సర ప్రాంతంలో ఈమెయిళ్ల ద్వారా ప్రపంచమంతా తిరిగింది. డిగ్రీ చదివే రోజుల్లో కళాశాల నోటీసు బోర్డుపై ఎవరో అచ్చుతీసి అంటించిన కాగితంలో ఈ విలేకరి తొలిసారి చదివిందీ ఈ కథనే. అప్పుడది ఆంగ్లంలో ఉండేది. ఇప్పుడు చక్కని తెలుగులో, గద్గద స్వరంతో, వెనుక విషాద సంగీతంతో వస్తోంది.

ఇంతకూ మైనం ఉన్నదా? లేదు. గోధుమ పిండిని పలుచని పట్టీలుగా సాగదీసి, దారాల్లా కోసి, ఆవిరిపై ఉడికించి, ఆపై మరిగే నూనెలో ఒకటి రెండు నిమిషాలు వేయించడమే ఈ నూడుల్స్ తయారీ. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో మార్కెట్లోకి తెచ్చిన విధానమిది. వేయించినప్పుడు పిండిలోని తడి ఆవిరై సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. వేడినీరు పోయగానే అవే రంధ్రాల గుండా నీరు లోనికి చొరబడి రెండు నిమిషాల్లో మెత్తబడతాయి. ఒకదానికొకటి అంటుకోకుండా ఉండటానికి కారణం ఆ నూనే. మరుగుతున్న నీటిపై తెట్టులా తేలేదీ అదే, సాధారణంగా పామాయిల్. చూసినవారికి అది మైనంలా తోచడంలో వింత లేదు. కాగితపు కప్పుల్లో అమ్మే రకానికి కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. బహుశా ఈ రెండూ కలిసి మైనం కథగా మారి ఉంటాయి.

‘మూడు రోజుల’ మాటకూ ఒక మూలం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యుడొకరు మాత్రంత కెమెరాను మింగించి, నూడుల్స్ జీర్ణమయ్యే తీరును చిత్రించారు. రెండు గంటల తరువాత కూడా అవి తాజా పిండితో చేసిన నూడుల్స్ కంటే ఎక్కువగా ఆకారం నిలుపుకొని కనిపించాయి. పరీక్షించింది అతి కొద్దిమందిని మాత్రమే. దాన్నుంచి ఆరోగ్యంపై తీర్మానాలేవీ చేయలేమన్నది ఆ ప్రయోగం పరిమితి. చేతులు మారేసరికి రెండు గంటలు మూడు రోజులయ్యాయి.

17.2 కథ

మైనం కథ గాలి కబురైతే, 2015 నాటి మ్యాగీ వ్యవహారం అలాంటిది కాదు. దాన్నీ దీన్నీ ఒకే గాట కట్టడం తగదు. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో ఆహార భద్రతా అధికారులు తీసిన నమూనాను కోల్‌కతాలోని కేంద్ర ప్రయోగశాల పరీక్షించగా 17.2 పీపీఎం సీసం ఉన్నట్లు తేలింది. అనుమతించిన పరిమితి 2.5 పీపీఎం మాత్రమే. 2015 జూన్ 5న భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశవ్యాప్తంగా 9 రకాల మ్యాగీ అమ్మకాలను నిలిపివేసింది. సుమారు రూ.320 కోట్ల విలువైన సరకును నెస్లే వెనక్కి రప్పించి ధ్వంసం చేసింది. ఆ ఏడాది ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. పరీక్షలు జరిపిన ప్రయోగశాలలకు తగిన గుర్తింపు లేదనీ, సంస్థ వాదన వినకుండానే ఉత్తర్వులిచ్చారనీ తప్పుపట్టింది. మొహాలీ, జైపూర్, హైదరాబాద్‌లలోని గుర్తింపు పొందిన మూడు ప్రయోగశాలల్లో తిరిగి పరీక్షించగా సీసం పరిమితి లోపే ఉందని నివేదికలు వచ్చాయి. నవంబరులో అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి. రూ.640 కోట్ల పరిహారం కోరుతూ కేంద్ర ప్రభుత్వం వేసిన కేసును జాతీయ వినియోగదారుల కమిషన్ 2024 ఏప్రిల్‌లో కొట్టివేసింది.

ఇందులో చివరి భాగమంతా మన సెల్‌ఫోన్లకు చేరలేదు. చేరింది 17.2 దగ్గరే ఆగిపోయింది. ప్యాకెట్లను రోడ్డురోలర్లతో తొక్కించిన, మంటల్లో వేసిన నాటి దృశ్యాలే తేదీ లేకుండా ‘ఇప్పుడే అందిన వార్త’గా తిరుగుతున్నాయి.

అజినోమోటో అని జనం పిలుచుకునే మోనోసోడియం గ్లుటమేట్ సంగతీ అంతే. 1908లో కికునే ఇకెదా అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి వేరు చేసిన రుచి ఇది. గ్లుటమేట్ మన టమాటాలోనూ సహజంగా ఉంటుంది. దీన్ని వాడితే ప్యాకెట్‌పై ఆ సంగతి ముద్రించాలనీ, ఏడాది లోపు శిశువులకు పెట్టరాదని తెలపాలనీ మన దేశంలో నిబంధన. మిగతా వారికి మామూలు మోతాదులో ఇది విషమనడానికి ఆధారం లేదు.

మరి నూడుల్స్ మంచివేనా అంటే, కావు. రోజూ తినదగినవి అసలే కావు. మైదా పాలు ఎక్కువ, పీచు తక్కువ, మాంసకృత్తులు అంతంత మాత్రం. అన్నిటికంటే ముఖ్యం ఉప్పు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, 70 గ్రాముల చిన్న ప్యాకెట్‌లోనే చాలా రకాల్లో రెండు గ్రాములకు అటూ ఇటూ ఉప్పు ఉంటుంది. ఉదయం నూడుల్స్ తిన్న పిల్లవాడు మధ్యాహ్నం మామిడికాయ పచ్చడి, సాయంత్రం మిక్చరు పొట్లం మానుతాడా? దక్షిణ కొరియాలో పది వేల మందికి పైగా ప్రజల వివరాలపై 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, వారానికి రెండు సార్లు లేదా అంతకు మించి నూడుల్స్ తినే మహిళల్లో రక్తపోటు, చక్కెర, నడుము కొవ్వు వంటి సమస్యలు కలగలిసి ఉండే పరిస్థితి ఎక్కువగా కనిపించింది. నూడుల్సే కారణమని అది తేల్చలేదు గానీ, పట్టించుకోవలసిన మాటే. ఇది వాట్సాప్‌లో రాదు. ఉప్పు గురించి ఎవరు పది మందికి పంపుతారు?

తేలే గింజల గోల

నూడుల్స్ మానేస్తే పిల్లవాడికి నష్టమేమీ లేదు. అందువల్ల ఆ పుకారును నవ్వి వదిలేయవచ్చు. రేషన్ బియ్యం సంగతి అలా కాదు.

పోషకాలు చేర్చిన బియ్యాన్ని ప్రభుత్వ పథకాలన్నింటి ద్వారా పంపిణీ చేస్తామని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోటపై ప్రకటించారు. ఆపై దశలవారీగా అంగన్‌వాడీలకు, పాఠశాలలకు, రేషన్ దుకాణాలకు ఆ బియ్యం చేరాయి. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి ముద్ద చేసి, యంత్రంలో గింజ ఆకారానికి తెచ్చి ఆరబెడతారు. వంద కిలోల మామూలు బియ్యానికి ఇవి ఒక కిలో కలుపుతారు. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ప్రమాణం. ఈ గింజలు కాస్త పసుపు ఛాయలో ఉంటాయి. తేలికగా ఉండటంతో కడిగేటప్పుడు కొన్ని నీటిపై తేలతాయి.

తేలినందుకే వాటికి ‘ప్లాస్టిక్ బియ్యం’ అని పేరొచ్చింది. 2023లో జిల్లాలోని ఒక మారుమూల పాఠశాలలో వంట చేసే మహిళ చేట ముందు కూర్చుని ఆ గింజలను ఒక్కొక్కటీ ఏరి పారేస్తుండగా ఈ విలేకరి స్వయంగా చూశాడు. ‘గివి తేల్తున్నయ్ సారూ. పిలగాండ్ల కడుపుల పడి ఏమన్నయితే మాట నా మీదికొస్తది’ అన్నదామె. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆ బియ్యం ఏమిటో ఆమెకు చెప్పినవారు లేరు, ప్లాస్టిక్ అని చెప్పినవారు మాత్రం అర డజను మంది ఉన్నారు. వందలో ఒక్క గింజ చొప్పున చేర్చిన ఇనుమంతా ఆ చేట పక్కన కుప్పగా పడి ఉంది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ ఒకే తీరున ఇనుము కలిపిన బియ్యం ఇవ్వడం సరైన మందేనా అన్న దానిపై శాస్త్రవేత్తల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. తలసేమియా, సికిల్‌సెల్ రోగుల విషయంలో ఆందోళనలూ వ్యక్తమయ్యాయి. అవి చర్చించదగినవే. ప్లాస్టిక్ మాట లేచాక ఆ అసలు చర్చకు గ్రామాల్లో చోటే లేకుండా పోయింది.

అన్నం ముద్దను బంతిలా చేసి నేలకు కొడితే ఎగురుతుందనీ, గింజను నిప్పులో పెడితే మండుతుందనీ చూపే వీడియోలు మనకు కొత్త కాదు. పిండి పదార్థం జిగటగా ఉంటుంది గనుక గట్టిగా అదిమిన ఏ అన్నం ముద్దయినా కొంత ఎగురుతుంది. ఎండిన ఏ బియ్యం గింజయినా మండుతుంది. ఇక ప్లాస్టిక్ అయితే గంట సేపు ఉడికించినా నీరు పీల్చి అన్నం కాదు.

ఇక్కడ ఈ విలేకరి తన తప్పు కూడా చెప్పుకోవాలి. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ప్లాస్టిక్ బియ్యం కలకలం రేగినప్పుడు, మన మండలంలో ఒక కిరాణా దుకాణంపైనా అదే ఆరోపణ వచ్చింది. ఫిర్యాదుదారు బంతి ఎగరేసి చూపాడు. శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం చేర్చి ఆరు వాక్యాల వార్త పంపాను. ప్రశ్నార్థకం ఉంది గనుక నింద నాది కాదనుకున్నాను. నమూనాల్లో ప్లాస్టిక్ ఆనవాళ్లు లేవని పౌరసరఫరాల శాఖ ప్రకటించాక ఆ సంగతి లోపలి పేజీలో రెండు వాక్యాలకు పరిమితమైంది. ఆ దుకాణంలో బియ్యం అమ్మకం ఆ నెలంతా పడిపోయింది. ఆ దుకాణదారు ఇప్పటికీ పలకరిస్తాడు గానీ, కూర్చోమని మాత్రం అనడు.

2020లో ఇదే దెబ్బ కోళ్ల రైతులకు తగిలింది. కోడిమాంసంతో కరోనా వస్తుందన్న సందేశాలతో ధర పాతాళానికి పడిపోగా, ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో మంత్రులే వేదికపై కోడిమాంసం తిని చూపవలసి వచ్చింది. దాణా ఖర్చు కూడా రాక రైతులు ఉచితంగా పంచిన ఊళ్లూ ఉన్నాయి. రొయ్యలు తిని నిమ్మరసం తాగితే ఆర్సెనిక్ విషమవుతుందన్న మరో సందేశం కోస్తా నుంచి ఇటూ వచ్చింది. రొయ్యల వేపుడుపై నిమ్మచెక్క పిండని ఇల్లు గోదావరి జిల్లాల్లో ఉందా అని ఒక్కరూ అడగలేదు.

విషం ఎరిగిన జిల్లా

ఆహారంలో, నీటిలో విషం ఉండదని నల్గొండ వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు చూశాకే లోకం నమ్మింది. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్ ‘నీరి’ శాస్త్రవేత్తలు ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్న సంగతి ఇక్కడి బడిపిల్లలకూ తెలుసు. అది బంతి ఎగరేసి కనిపెట్టినది కాదు, ప్రయోగశాలలో కొలిచి చెప్పినది.

నిజమైన హెచ్చరికలు నేడూ ఉన్నాయి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. అదే నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరులో మధ్యాహ్న భోజనం తిన్న విద్యార్థులు అస్వస్థతకు గురైన సంగతి విదితమే. వేసవి వస్తే కార్బైడ్‌తో మగ్గబెట్టిన మామిడి సరేసరి. అది చట్టరీత్యా నిషిద్ధం. ఇవన్నీ మైనం కథతో పాటు ఒకే ఫోనులో, ఒకే గొంతుతో, ఒకే విషాద సంగీతంతో వస్తాయి. వినేవారు అన్నిటినీ నమ్ముతారు, లేదంటే దేన్నీ నమ్మరు.

అనుమానం ఉన్నవారికి మార్గం లేకపోలేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, కొన్న సరకును రుసుము చెల్లించి పరీక్ష చేయించుకునే హక్కు సామాన్య వినియోగదారుకూ ఉంది. 1800112100 నంబరుకు ఉచితంగా ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. అధికారి తీసిన నమూనా నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు వెళుతుంది. నమూనా అందిన 14 రోజుల్లో విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలి. పుకారుకు ఒక సాయంత్రం చాలు. ప్రజల్లో భయాందోళనలు రేపే అసత్య ప్రచారానికి భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అయితే పంపేవారిలో ఎక్కువ మంది అత్తలు, పిన్నమ్మలు, పదవీ విరమణ చేసిన మాస్టార్లు. పిల్లల మేలు కోరి పంపేవారే. వారిపై సెక్షన్లు పెట్టి ఒరిగేదేముంది?

వారికి చదవడానికి వేరే ఏముందన్నదే ప్రశ్న. ఈ వ్యాసం కోసం మండల కేంద్రంలోని దుకాణంలో అయిదు రకాల నూడుల్స్ ప్యాకెట్లు తిరగేశాం. సోడియం లెక్క అన్నిటి మీదా ఉంది. అయితే ఆంగ్లంలో, చీమ తలకాయంత అక్షరాల్లో, మడత కింద. ప్యాకెట్‌పై వివరాలు ఆంగ్లంలో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉంటే చాలునని నిబంధన. తెలుగు తప్పనిసరి కాదు. పక్కనే నిలబడి మనవడికి పది రూపాయల ప్యాకెట్ కొంటున్న వృద్ధురాలు అడిగింది: ‘మైనం ఉంటదంట గద బిడ్డా, నిజమేనా?’ లేదని చెప్పి, ఉప్పు ఎక్కువని అన్నాం. ‘ఉప్పే గదా’ అంటూ ప్యాకెట్ కొంగున కట్టుకుని వెళ్లింది.