కారు దిగని కోనసీమ

కోనసీమని 'ఆంధ్రా కేరళ' అనడం ఇక ఆపేద్దాం. ఈ మాట మొదట ఎవరన్నారో గానీ, దానివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఒక నేలని ఇంకో నేల పేరుతో పిలిస్తే ఇక దాన్ని చూసే పనుండదు. కేరళ ఎలా ఉంటుందో టూరిజం వాళ్ళ క్యాలెండర్లు ముందే చెప్పేశాయి కాబట్టి ఇక్కడా అదే వెతుక్కుంటాం: వంగిన కొబ్బరిచెట్టు, కింద కాలవ, కాలవలో పడవ. దొరుకుతాయి కూడా. రావులపాలెం దగ్గర గోదావరి దాటినప్పటి నుంచి కారు అద్దంలో, ఈమధ్య డ్రోన్ కెమెరాలో అవే కనిపిస్తాయి. దిండి రిసార్టులో ఒక రాత్రి, అంతర్వేదిలో ఒక దర్శనం, ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు, తిరుగు ప్రయాణం. ఆ తర్వాత ఒక వ్యాసం. అందులో 'ఆయ్' అనే మాట తప్పకుండా ఉంటుంది.

నా తగువు టూరిస్టులతో కాదు. వాళ్ళ డబ్బు, వాళ్ళ సెలవు. నా తగువు సాహిత్యం చదువుకునే మనతో. మన తరానికి నడక మీద కొత్త మోజు పుట్టింది. ఉద్యోగాల పుణ్యమా అని కొందరు గ్రీసు దాకా వెళ్ళి, సాంటోరినీలో ఫిరా నుంచి ఓయా దాకా కొండ అంచున పది కిలోమీటర్లు నడిచి వస్తున్నారు. క్రీట్‌లో సమారియా లోయ పొడవునా పదహారు కిలోమీటర్లు దిగుతున్నారు. వచ్చి రాస్తున్నారు, బాగానే రాస్తున్నారు. అరికాలికి తగిలిన రాయి, ఎక్కడో మేకల మెడలో గంట, తెల్లటి చిన్న చర్చి పక్కన నీళ్ళిచ్చిన ముసలమ్మ. చదివితే మనకీ వెళ్ళాలనిపిస్తుంది. అదే మనుషులు అమలాపురం పెళ్ళికొస్తే కారు దిగరు. ద్వీపాన్ని కాళ్ళతో తెలుసుకోవాలని అంత దూరం పోయి నేర్చుకున్నవాళ్ళకి, ఇంటి దగ్గరి ద్వీపం చూడ్డానికి మాత్రం కారు కిటికీ సరిపోయిందేం?

ద్వీపం అని మాటవరసకి అనడం లేదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ రెండింటికీ సముద్రానికీ మధ్య మిగిలిన ముక్కోణపు నేల కోనసీమ. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ చీలి, రాజోలు వైపు నేలని ఇంకో చిన్న ద్వీపం చేస్తుంది. ఎటునుంచి వచ్చినా నీళ్ళు దాటాల్సిందే. సఖినేటిపల్లి రేవులో నర్సాపురానికి ఇప్పటికీ పంటు ఎక్కుతారు. కోటిపల్లి - నర్సాపురం రైలు ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని వింటూ పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయి.

గ్రీకు దీవుల్లో నడవడం ఎందుకంత తేలికో కూడా చెప్పుకోవాలి. అక్కడ ఊరి నుంచి ఊరికి గాడిదల కోసం వేసిన పాత రాతిబాటలున్నాయి. మోటారు రోడ్లొచ్చాక వాటిని తుప్పలు మింగేశాయి. ఆండ్రోస్ దీవిలో స్థానికులు పూనుకుని ఆ బాటల్ని శుభ్రం చేసి, నంబర్లేసి, గుర్తులు పెట్టి, వందకిలోమీటర్ల దారిని కలిపారు. మనవాళ్ళు పరవశించి ఫొటోలు తీసుకునే ఆ 'ప్రాచీన బాట' వెనక ఎవరో కొడవలి పట్టుకుని చేసిన చాకిరీ ఉంది.

కోనసీమకి రాతిబాటల్లేవు, గట్లున్నాయి. కాలవ గట్టు, ఏటిగట్టు, చేల మధ్య పుంత. నడిచేవాడికి ఈ మూడే రోడ్లు. కాలవ గట్టు మీద నడిస్తే మొదట పోయే భ్రమ, ఈ పచ్చదనం ప్రకృతి ప్రసాదం అన్నది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు తవ్వాక వచ్చిన పచ్చదనం ఇది. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా ఒక కాలవ నదిని దాటుతుంది. కింద నది సముద్రానికి పోతుంటే, పైన కాలవ పొలాలకి పోతుంది. ఆ కాలంలో ఇటుకా సున్నంతో కట్టిన 49 ఖానాల పాత అక్విడెక్టు అది. కొత్తది 2000లో వచ్చింది. దాని పక్కన నిలబడి, వర్షాకాలంలో ఎర్రనీళ్ళు ఖానాల నడుం దాకా రావడం చూడండి. కేరళ బ్యాక్‌వాటర్స్ గుర్తు రావు. ఈ దీవిలో ప్రతి కొబ్బరిచెట్టూ ఒక లాకు తాళం మీద ఆధారపడి బతుకుతోందన్న సంగతి మాత్రం అర్థమవుతుంది. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు దాదాపు లక్ష ఎకరాలు నాటకుండా వదిలేసి 'పంట విరామం' ప్రకటించారు. దేశమంతా ఆశ్చర్యపోయింది, అంత పచ్చటి చోట రైతుకి కష్టమేమిటని. మురుగు కాలవలు పూడిపోయి నీరు లాగదు, ధర రాదు, కూలి గిట్టదు. మురుగు కాలవ పక్కన నడిచినవాడికి అందులో ఆశ్చర్యమేముంది?

ఏటిగట్టు సంగతి ఇంకోటి. వరద నుంచి ఊళ్ళని కాపాడ్డానికి నది పొడవునా వేసిన మట్టికట్ట అది. దానికి ఇవతల ఊరు, అవతల లంక. లంకలోనూ మనుషులున్నారు, బడి ఉంది, అరటితోటలున్నాయి, ఓట్లున్నాయి. కానీ వాళ్ళు గట్టుకి నది వైపున్నారు. 2022 జూలైలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు గట్టుకి ఇవతల ఉన్నవాళ్ళు వరద చూడ్డానికి వెళ్ళారు. అవతల ఉన్నవాళ్ళు వరదలోనే ఉన్నారు. ఏటా కాజ్‌వేలు మునుగుతాయి, ఏటా పడవల మీద గర్భిణుల్ని, గేదెల్ని తెస్తారు, ఏటా పేపర్లో అదే ఫొటో. కారులో పోతే గట్టు ఒక ఎత్తైన రోడ్డు, అంతే. నడిస్తే ఎడమకాలి వైపు ఒక లోకం, కుడికాలి వైపు ఇంకో లోకం.

కొబ్బరి గురించి వంద కవితలు చదివాను. దింపు కార్మికుడి మీద రెండు చదివానేమో. దింపువాళ్ళు చెట్టెక్కి గెల కోస్తారు, ఒలుపువాళ్ళు గునపానికి కాయ గుచ్చి డొక్క తీస్తారు, అంబాజీపేట మార్కెట్లో వేరేవాళ్ళు ధర చెబుతారు. తోటల్లో నడుస్తుంటే ఒలుపు చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది, కారు అద్దాలెత్తితే వినిపించదు. రాజోలు వైపు ప్రతి పేటలోనూ కువైట్ డబ్బుతో కట్టిన ఇళ్ళున్నాయి. ఆ డబ్బు పంపేది ఎక్కువగా ఆడవాళ్ళు, పరాయి ఇళ్ళల్లో వంటా పిల్లల పెంపకం చేసి. ఈ దీవిని వదిలి వెళ్ళడమే ఇక్కడి పెద్ద ప్రయాణసాహిత్యం. రాసినవాళ్ళు తక్కువ.

ఇక భూమి కింద. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి రెండు నెలలకి పైగా మండింది. రాత్రుళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకి చీకటి లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. టీ కాచుకునే వేళ. నగరం, పాశర్లపూడి రెండూ మామిడికుదురు మండలంలోవే. గుడిసెలు తగలబడడం మీద కవిత్వం రాసిన బోయి భీమన్న పుట్టిందీ ఆ మామిడికుదురులోనే. పొలాల్లో ఇప్పటికీ చేల మధ్య హెచ్చరిక బోర్డులు పాతి ఉంటాయి, కింద పైపులైను ఉంది, తవ్వొద్దని. రీల్స్‌లో వాటిని ఫ్రేమ్ బయట పెడతారు.

అన్నిటికంటే పెద్ద దాపరికం ఇంకోటుంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. మే నెలలో దానికి అంబేద్కర్ పేరు కలపాలని ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బస్సులు తగలబెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. చివరికి పేరు నిలిచింది: డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ తర్వాత నేను చదివిన కోనసీమ యాత్రావ్యాసాల్లో ఈ పూర్తి పేరు ఒక్కదానిలోనూ లేదు. 'ప్రశాంతమైన పల్లెసీమ' మాత్రం అన్నిట్లోనూ ఉంది. పొడుగు పేరు కదా, కుదించాం అంటారేమో. పొట్టి శ్రీరాములు నెల్లూరు అని రాసేటప్పుడు చెయ్యి నొప్పెట్టలేదు మరి.

నడిస్తే ఈ దాపరికం రోజుకి పదిసార్లు బద్దలవుతుంది. గట్టు మీద పరాయి మనిషి కనబడితే ఆపుతారు. "ఏ ఊరండి?" "ఎవరి తాలూకండి?" ఈ రెండూ అయ్యాక, బొండం కొట్టి చేతిలో పెట్టాక, నెమ్మదిగా మూడోది వస్తుంది: "మీరేవిట్లండి?" బొండానికి డబ్బులు తీసుకోరు. మర్యాద నిజమే. ఆ మర్యాద ఎంతసేపుంటుందో మూడో ప్రశ్నకి మీరిచ్చే జవాబు మీద ఉంటుందన్నదీ నిజమే. కారులో వచ్చినవాళ్ళని ఈ ప్రశ్న అడగరు, కారే జవాబు.

అందుకే నడక గురించి ఊరికే మురిసిపోయేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. మామిడికుదురు దగ్గర పుట్టి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే స్నేహితుణ్ణి నాతో నడవమన్నాను. "నువ్వు నడువెహె, నేను బండి మీదొస్తా" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "ఆ వీధిలో మా తాత చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. నేను బుల్లెట్ మీద హారన్ కొట్టుకుంటూ పోతే నీకేం?" నాకేం లేదు. వాడి బుల్లెట్ చేసే చప్పుడులో నా నడక వ్యాసాలన్నిటికంటే ఎక్కువ అర్థం ఉంది. సరదాకి నడిచే హక్కు, నడవక తప్పని గతి లేనివాడికే వస్తుంది. ఆడపిల్ల ఒక్కతీ సంజవేళ కాలవ గట్టు మీద, ఏ పనీ లేకుండా, నాలుగు కిలోమీటర్లు నడవగలదా అని మీ చెల్లెల్నడగండి. గ్రీసులో అయితే నడుస్తుంది, తిరిగొచ్చి స్వేచ్ఛ గురించి రాస్తుంది. ఆ స్వేచ్ఛ సముద్రపు గాలిలో లేదు, ఆమె ఎవరి అమ్మాయో అక్కడెవరికీ తెలియకపోవడంలో ఉంది.

గ్రీసూ అంత అమాయకం కాదు లెండి. 2015లో లెస్బోస్ దీవి ఉత్తరపు ఒడ్డున రబ్బరు పడవల్లో దిగిన శరణార్థులు మోలివోస్ వైపు నుంచి మిటిలినీ రేవు దాకా అరవై కిలోమీటర్లకు పైగా నడిచారు, పిల్లల్నెత్తుకుని. కాగితాల్లేనివాళ్ళని వాహనం ఎక్కిస్తే నేరం అక్కడ. అదే ఎండ, అదే ఆలివ్ తోటలు, అదే కొండదారి. ట్రెకింగ్ బూట్లతో వచ్చినవాడికీ వాళ్ళకీ తేడా జేబులోని వీసా ఒక్కటే.

మరి నడవొద్దా? నడవాలనే అంటున్నాను. కోనసీమకి తనదైన నడక ఉంది కూడా. కనుమ రోజున మొసలపల్లి జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు భుజాల మీద వస్తాయి. రోడ్డు చూసుకోవు. కౌశికలో పీకల్లోతు నీళ్ళలో దిగి, పచ్చటి చేలు తొక్కుకుంటూ వస్తాయి. చేను తొక్కితే మంచిదేనంటాడు రైతు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం అదే. ఢిల్లీలో ప్రభలు ట్రక్కెక్కి తారురోడ్డు మీద పోయాయి, చేలూ లేవు, కాలవా లేదు. తీర్థానికెళ్ళినప్పుడు ఆ వెదురు ఎవరి భుజం మీదుందో, ఎవరి భుజం దూరంగా నిలబడి చూస్తోందో కూడా చూడండి. అది మాత్రం శకటం మీద చూపించలేదు.

ఆండ్రోస్ వాళ్ళు చేసిన పని ఇక్కడ చెయ్యొచ్చు. దానికి టూరిజం శాఖ అక్కర్లేదు, హోమ్‌స్టేలు అసలే అక్కర్లేదు. ప్రతి గ్రామ పటంలోనూ పుంతలు గీసి ఉంటాయి, సర్వే నంబర్లతో, పోరంబోకుగా. అవి ఎవరి సొంతమూ కాదు, అంటే పేటవాళ్ళవీ పెద్దవీధి వాళ్ళవీ సమానంగా. చేనుకి, శ్మశానానికి, రేవుకి కూలివాళ్ళు వెళ్ళే దారులవే. వాటిలో చాలా వాటిని పక్క చేనువాడు ఏటా జానెడు చొప్పున కలుపుకున్నాడు. కొన్నిటి మీద రొయ్యల చెరువులు లేచాయి. పటం సచివాలయంలో సర్వేయర్ దగ్గరుంటుంది. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. చేతిలో పటం పట్టుకుని, గీత ఉన్న చోటల్లా నడవండి. గీత చెరువులోకి పోతే ఆ చెరువుని ఫొటో తీసి సర్వే నంబరుతో సహా అచ్చెయ్యండి. మీ ద్వీపయాత్రా సాహిత్యానికి అంతకంటే మంచి మొదటి వాక్యం దొరకదు.

సంక్రాంతి ముందు రెండు వారాలు మంచివి, ఎండ ఉండదు, గట్లు ఆరి ఉంటాయి. కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్ళేట్టయితే మంచినీళ్ళ సీసాలు ఇంకో రెండు పెట్టుకోండి. అక్కడ బోరునీళ్ళు ఉప్పన.