ఇది బగ్గా, స్పెక్కా? ఒక ఆర్.సి.ఎం. కుర్రాడి గోల

మా నరసన్నపేట వైపు కతోలికుడిగా పుట్టినవాడికి ప్రశ్నలు రెండు పక్కల నుంచీ వస్తాయి. ఒక పక్క హిందూ స్నేహితులు, "మీ మరియమ్మ కూడా మా అమ్మోరి లాంటిదే కదేటి, మరి వేరే మతమెందుకు?" అంటారు. ఇంకో పక్క బాప్టిస్టులు. జిల్లాలో కెనడా బాప్టిస్టు మిషన్ పందొమ్మిదో శతాబ్దం నుంచే ఉంది కదా, ఆ సంఘాల్లో పెరిగినవాళ్ళు "మీ ఆర్.సి.ఎం. వాళ్ళు విగ్రహాలకి మొక్కుతారు, మీరసలు క్రైస్తవులేనా?" అంటారు. సాఫ్ట్‌వేర్‌లోకొచ్చాక మూడో పక్క కూడా తెరుచుకుంది: "ఇంజనీరింగ్ చదివి ఇంకా ఇవన్నీ నమ్ముతున్నావా?" :)

దీనికి మావాళ్ళు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. నవ్వేసి మాట మార్చేస్తారు, లేదా ఎక్కడో దొరికిన ఫార్వార్డు మెసేజీ మొహాన కొడతారు. నాకు రెండూ నచ్చవు. మొదటి పని చేస్తే మన విశ్వాసం మనకే సిగ్గుపడే విషయంలా తయారవుతుంది. రెండోది చేస్తే ఎదుటివాడు మళ్ళీ జన్మలో అడగడు.

మన వృత్తిలో ఒక మంచి పద్ధతి ఉంది. టెస్టర్ బగ్ రాయగానే ముందు స్పెక్ తెరుస్తాం. ఆ మాట స్పెక్‌లో లేకపోతే వివరించి మూసేస్తాం. స్పెక్‌లో ఉండీ మనం చెయ్యకపోతే నోరు మూసుకుని సరిచేస్తాం. శ్రీసభ (చర్చిని మేం అలా అంటాం) మీద వచ్చే ఫిర్యాదుల్ని కూడా ఇలాగే విడగొట్టాలని నా అభిప్రాయం.

మొదటిది పోపు గురించి. "ఆయన ఏం చెప్పినా తప్పుండదని నమ్ముతారట కదా!" అలా ఎక్కడా లేదు. 1870లో మొదటి వాటికన్ మహాసభ చెప్పింది చాలా తక్కువ. విశ్వాసానికో నీతికో సంబంధించిన విషయాన్ని, తన పూర్తి అధికారంతో, శ్రీసభ మొత్తానికీ వర్తించేలా నిర్వచించినప్పుడు మాత్రమే అది పొరపాటు కాదని. ఆ తర్వాత అలా ప్రకటించింది ఒకే ఒక్కటి, 1950లో మరియమాత మోక్షారోపణం. రాజకీయాల మీదో ఫుట్‌బాల్ మీదో పోపు చెప్పే మాట ఆయన అభిప్రాయమే.

రెండోది విగ్రహాలు. 787లో నైసియాలో జరిగిన రెండో మహాసభ ఈ తగువు తీర్చింది. ఆరాధన దేవుడికే. బొమ్మకి చూపించేది గౌరవం, అదీ బొమ్మకి కాదు, ఆ బొమ్మలోని వ్యక్తికి. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండెక్కే జనం కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. ఆచారాలు మన ఊళ్ళవే. కానీ శ్రీసభ బోధన ప్రకారం మరియ దేవత కాదు, మనిషి. మన తరఫున దేవుణ్ణి ప్రార్థించమని ఆమెని అడుగుతాం, అంతే. పైన చెప్పిన ఇద్దరు స్నేహితులకీ జవాబు ఇదొక్కటే.

మూడోది సైన్సు. ఇక్కడ మావాళ్ళే ఎక్కువ కాలు జారతారు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్కగట్టి, 1931లో అదంతా ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని ప్రతిపాదించిన జార్జ్ లెమైట్ర్ ఒక బెల్జియం ఫాదర్. బిగ్ బ్యాంగ్‌కి మూలం అదే. "చూశారా!" అని ఎగరడం తేలికే. కానీ 1951లో పన్నెండో పయస్ పోపు ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంలా చూపిస్తూ ప్రసంగిస్తే, ఇబ్బంది పడింది ఈ లెమైట్రే. తన సిద్ధాంతానికీ మతానికీ ముడిపెట్టొద్దన్నది ఆయన వాదన. నాకు ఆయన దారే నచ్చింది. క్రీస్తు చనిపోయి తిరిగి లేచాడని నేను ఏ సమీకరణంతోనూ నిరూపించలేను. ఒక్కసారి జరిగిందని సాక్షులు చెప్పినదాన్ని నమ్మాలా వద్దా అన్నది ల్యాబ్‌లో తేలే ప్రశ్న కాదు. నేను ఆ సాక్షుల్ని నమ్మాను. మీరు నమ్మకపోతే మీకు తెలివి లేదని అనను, నాకూ అదే మర్యాద ఇవ్వండి.

ఇక నాలుగోది, ఎవరూ గట్టిగా అడగనిది: "మీలోనూ కులాలున్నాయి కదా?" ఉన్నాయి. ఇది నిజమైన బగ్గు. క్రీస్తులో జ్ఞానస్నానం పొందినవాళ్ళ మధ్య జాతి తేడా, బానిస-యజమాని తేడా చెల్లవని పౌలు గలతీయులకి రాసిన లేఖలో ఉంది. స్పెక్ ఇంత స్పష్టంగా ఉన్నా పెళ్ళి సంబంధాల దగ్గర కులం లెక్కలే నడుస్తున్నాయి. దళిత క్రైస్తవుల మీద సభలో వివక్ష ఉందని భారత కతోలిక బిషప్పుల సమాఖ్యే 2016 డిసెంబరులో విడుదల చేసిన విధానపత్రంలో ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోనిగారు కార్డినల్ అయ్యారు. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. చాలా సంతోషం. కానీ దాంతో టికెట్ క్లోజ్ అయిపోదు. "బయట ఇంకా ఎక్కువుంది కదా" అనడం జవాబు కాదు, అది పక్క టీమ్ మీదకి తోసెయ్యడం. సమర్థించకూడనిదాన్ని సమర్థిస్తే, మిగతా మూడిట్లో మనం చెప్పిన నిజం కూడా ఎవరూ నమ్మరు.

అన్నట్టు, ఉత్తరాంధ్రలో కతోలిక మిషన్‌ని నిలబెట్టింది 1846లో విశాఖపట్నంలో దిగిన ఫాదర్లు. పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ పేరు పెట్టుకున్న సంస్థ వాళ్ళది. మా శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖ నుంచి విడిపోయి ఏర్పడింది. ఆ ఫ్రాన్సిస్ 1594లో ఆల్ప్స్ పక్కనున్న షాబ్లే ప్రాంతానికి వెళ్తే ప్రసంగం వినడానికి జనం రాలేదట. ఆయన విశ్వాసాన్ని వివరిస్తూ చిన్న చిన్న కాగితాలు రాసి ఇళ్ళ తలుపుల కిందనుంచి లోపలికి తోశాడు. చదవడమో చించెయ్యడమో ఇంట్లోవాడి ఇష్టం. 1923లో పోపు ఆయన్ని రచయితల పాలక పునీతుడిగా ప్రకటించారు. విశ్వాసాన్ని సమర్థించుకోవడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఇదే.

కాబట్టి మా కుర్రాళ్ళకి చెప్పేదేంటంటే, చిన్నప్పుడు మూసేసిన సత్యోపదేశం పుస్తకం మళ్ళీ తెరవండి. ఏం నమ్ముతున్నామో తెలియకుండా వాదనకి దిగొద్దు. మిగతా మిత్రులకి: మొహమాటపడకుండా అడగండి, కులం సంగతి కూడా. నేను చెప్పినదాంట్లో తేడా ఉందనిపిస్తే స్పెక్ తెరిచి చూపించండి, మాట్లాడుకుందాం.