రోగమేదో తేలకుండా చెరువులో మందెందుకు?

టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది. ఆ పరిశోధనను నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మన భీమవరంలోనే. అదే భీమవరం చుట్టుపక్కల ఇవాళ రొయ్య కాస్త నలతపడితే చాలు, మేతలో యాంటీబయాటిక్ కలపమనే వాళ్లు తయారయ్యారు.

తెల్లమచ్చ వైరస్ జబ్బు. యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. విబ్రియో బాక్టీరియాయే అయినా, అరకొరగా మందు వేస్తే లొంగేవి చచ్చి లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ మొండితనం మనుషులకు సోకే బాక్టీరియాకూ పాకుతుంది. అప్పుడు మన పిల్లలకు రోగమొస్తే ఏ మందు వేస్తాం? రొయ్యకు మనలా యాంటీబాడీలు తయారు కావు. నీరు, చెరువు అడుగు బాగుంటేనే దాని సహజ రక్షణ నిలబడుతుంది.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధించిన మందులు. వాటి అవశేషాల భయంతోనే 2016లో ఐరోపా సమాఖ్య మన రొయ్యల తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచింది. కంటైనర్ వెనక్కొస్తే ఆ నష్టాన్ని చివరికి గట్టు మీద మన ధరలోనే కోస్తారు.

అందుకే మేం ప్రభుత్వాన్ని అడుగుతున్నాం: మండలానికో రోగ పరీక్షా కేంద్రం పెట్టాలి. మందు పేరు దాచి అమ్మేవాళ్లపై కేసులు పెట్టాలి. రైతులుగా మనమూ ఒక మాట మీద నిలబడదాం: పరీక్ష లేనిదే చెరువులో మందు వేయం.