మంచము పట్టిన సిపాయికి రుజువుల భారము

పద్మారావు నగరువాసులకు సైన్యము పత్రికలలో మాత్రమే చదువుకొను దూరపు వార్త కాదు. మూడవ నిజాము సికందర్ జా పేరు మీదుగా 1806లో నామకరణము పొందిన ఈ సికింద్రాబాదు, కంపెనీ పటాలములకు విడిదిగా పుట్టి, కంటోన్మెంటుగా పెరిగి, స్వాతంత్ర్యానంతరము సైన్యపు ఆయుధ సామగ్రి విభాగమైన ఆర్డినెన్సు కోరునకును, యంత్రముల మరమ్మతు విభాగమైన ఇ.ఎం.ఇ. కోరునకును శిక్షణ కేంద్రమై, ఆ రెండు కోరుల జవానుల సర్వీసు దస్తరములను భద్రపరచు రికార్డుల కార్యాలయములకు గూడ నెలవైనది. స్కందగిరి గుడి పరిసరములలోను, వాకర్ టౌను సందులలోను, చిలకలగూడ వైపు దిగు వీధులలోను, ఇరువదియేండ్లకు పైగా సరిహద్దులలో గడిపి వచ్చి, పింఛను డబ్బుతో చిన్న ఫ్లాటు కొనుక్కొని, ఏ బ్యాంకు వాకిటనో సెక్యూరిటీ ఉద్యోగము చేసి పిల్లలను గట్టెక్కించిన హవల్దారులును సుబేదారులును కనబడుచునే యుందురు. ఇంటింటినుండి సైన్యమునకు మనుష్యులను పంపిన పశ్చిమగోదావరి మిలిటరీ మాధవరము వంటి గ్రామములనుండి వచ్చినవారు సైతము, పిల్లల చదువుల కొరకో పెద్దాసుపత్రుల కొరకో ఈ నగరమునే ఆశ్రయించుచుందురు.

వీరిలో కొందరు సర్వీసులోనే దెబ్బతిన్నవారు. ఒకనికి కాలు కుంటువడును, ఒకనికి ఫిరంగి మ్రోతకు చెవి పోవును, ఒకనికి ఎత్తైన మంచుకొండలలో గుండె దెబ్బతినును. అంగవైకల్యమును జయించిన వీరుని లోకము మెచ్చుకొనును, ఆలస్యముగానైనను మెచ్చుకొనును. ఇ.ఎం.ఇ. కోరులో పనిచేయుచు 1965 యుద్ధమున తూటాల పాలై, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్సులో ఈత పందెమున స్వర్ణపతకము తెచ్చిన మురళీకాంత్ పేట్కరునకు పద్మశ్రీ 2018లో లభించినది. పతకములేవియు తేలేక, వైకల్యముతో నలువదియేండ్లు నెట్టుకొని వచ్చి, చివరకు క్యాన్సరుతోనో మూత్రపిండముల వ్యాధితోనో మంచము పట్టిన సామాన్య సిపాయి సంగతి మాత్రము ఇంటివారికి తప్ప ఎవరికిని పట్టదు. అతనికి రాజ్యము ఏమియు నీయలేదని కాదు నా ఫిర్యాదు. ఇచ్చినదానిని అందుకొనుటకు కావలసిన రుజువుల బరువునంతయు, లేచి నిలువలేని ఆ మనిషి భుజముల మీదనే మోపినదని నా ఫిర్యాదు.

ఇచ్చినది తక్కువ కాదని మొదటనే ఒప్పుకొనవలెను. 2003 ఏప్రిలు 1న ప్రారంభమైన మాజీ సైనికుల ఆరోగ్య పథకము, అనగా ఇ.సి.హెచ్.ఎస్., పింఛనుదారునకును అతని భార్యకును అతనిపై ఆధారపడినవారికిని పాలీక్లినిక్కుల ద్వారా మందులును, ఒప్పందము గల ఆసుపత్రుల ద్వారా పెద్ద చికిత్సలును చందా చెల్లించినందుకు ప్రతిగా జీవితాంతము అందించును. యుద్ధములో వికలాంగులైనవారికి ఆ చందా గూడ లేదు. రోగి ఖర్చునకు మొత్తము మీద పరిమితి లేని ఇట్టి పథకము మన దేశములో సామాన్య పౌరునకు లేదు. అయినను ఎంత మంచి పథకమునకైనను వాకిలి ఒకటుండును, ఆ వాకిలి ఎవరి కొలతకు కట్టబడినదో చూడవలెను. ఇ.సి.హెచ్.ఎస్. వాకిలి తన కాళ్ల మీద నడచి రాగల మనిషి కొలతకు కట్టబడినది.

పద్మారావు నగరులో మూడవ అంతస్తున నివసించు ఒక విశ్రాంత హవల్దారును ఊహింతము. ఊపిరితిత్తులలో గడ్డ యున్నదని తేలినది. మొదట పాలీక్లినిక్కునకు పోవలెను, టోకెను తీసికొనవలెను, అచ్చటి వైద్యుడు చూచి రిఫరలు వ్రాయవలెను, ఆ రిఫరలుతో ఒప్పందమున్న ఆసుపత్రికి పోవలెను, అచ్చట కొత్త పరీక్ష వ్రాసినచో దాని అనుమతికి మరల వెనుకకు రావలెను. రిఫరలునకు గడువున్నది; గడువు తీరినచో కీమో మధ్యలో నున్నను కొత్తది కావలెను. క్యాన్సరు మందు పాలీక్లినిక్కులో లేనిచో చీటీ మీద, మందు లేదను అర్థమున, ‘ఎన్.ఏ.’ అని వ్రాసి యిత్తురు. అప్పుడు బయట కొని, బిల్లు పెట్టి, డబ్బు ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూడవలెను. వయోవృద్ధులకు రిఫరలు విషయమున ఇటీవల కొన్ని సడలింపులు వచ్చినవి, అవి మెచ్చదగినవే. కాని రోగము వయస్సు చూచి రాదు. అరువది నిండనివానికి వచ్చిన క్యాన్సరు డెబ్బదియేండ్లవాని క్యాన్సరుకంటె నెమ్మదిగా నడవదు.

ఈ తిరుగుళ్లన్నియు నిజముగా తిరుగునది ఎవరు? రోగి కాదు, రోగి భార్య. పటాలములో ఒక్కనాడైనను పనిచేయని ఆ ఇల్లాలు, చిలకలగూడ చౌరస్తాలో ఆటో యెక్కి, స్టేషను, ప్యాట్నీ, కార్ఖానా దాటి తిరుమలగిరి వైపు పోవుచు, ఒడిలో ఒక ప్లాస్టిక్కు సంచి పెట్టుకొని కూర్చుండును. ఆ సంచిలో డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ. అను పింఛను ఉత్తర్వు, మెడికల్ బోర్డు కాగితము, స్మార్టు కార్డు, ఆధారు జిరాక్సులు, స్కాను రిపోర్టులు ఉండును. ఆమె పేరు సర్వీసు రికార్డులో ‘లక్ష్మి’యనియు, ఆధారులో ‘వెంకటలక్ష్మి’యనియు ఉండుట మన యిండ్లలో అతి సాధారణము. ఆ రెండు పేర్లు ఒక్క మనిషివేనని అఫిడవిట్టు చేయించి, రికార్డుల కార్యాలయమునుండి సవరణ తెప్పించి, రక్షణ శాఖ పింఛనుల స్పర్శ్ పోర్టలులో సరిచేయించువరకు ఆమె భార్యాత్వము సైతము సందేహాస్పదమే. భర్త ఆరోగ్యముగా నున్న దినములలో చేయవలసిన పని కదా యందురు. నిజమే. అయితే ఆ పొరపాటు ముప్పదియేండ్లనాడు ఏ గుమాస్తా కలము నుండి జారినదో, ఆ గుమాస్తా కార్యాలయము నేటివరకు దానిని తానై వెదకి దిద్దలేదేమి?

ఇక రాత్రివేళ సంగతి. అర్ధరాత్రి ఊపిరాడనివానిని ఇంటివారు కంటికి కనబడిన ఆసుపత్రికి మోసికొని పోవుదురే గాని, ఒప్పందము గల ఆసుపత్రుల జాబితా తెరచి చూడరు. పద్మారావు నగరుకు కూతవేటు దూరమున గాంధీ ఆసుపత్రి యున్నది, కావున ఇచ్చటివారు కొంత అదృష్టవంతులు. జాబితాలో లేని ప్రయివేటు ఆసుపత్రిలో చేర్చినచో నలుబదియెనిమిది గంటలలో పాలీక్లినిక్కునకు తెలుపవలెనను నియమము కలదు గాని, ఐ.సి.యు. వాకిట కూర్చున్న ఇల్లాలికి గడియారము మాత్రమే కనబడును, నియమావళి కనబడదు. కేంద్ర ప్రభుత్వ విశ్రాంతోద్యోగి శివకాంత ఝా వ్యాజ్యములో 2018 ఏప్రిలులో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది: చికిత్స నిజముగా జరిగినదా, దానికి ఆధారములు కలవా యన్నదే చూడవలెను గాని, ఆసుపత్రి పేరు జాబితాలో లేదను ఒక్క కారణముతో ఖర్చు నిరాకరింపరాదు. ఆ తీర్పు కేంద్రోద్యోగుల పథకమునకు సంబంధించినదైనను, అందలి న్యాయము సిపాయికి వర్తింపదనుటకు ఏ కారణమును లేదు.

వైకల్య పింఛను కథ ఇంకను పాతది. సిగ్నల్సు కోరులో 1985లో చేరిన సిపాయి ధరమ్‌వీర్ సింగును, మూర్ఛవ్యాధి వచ్చినదని 1994లో సైన్యమునుండి పంపివేసి, ఆ వ్యాధి సర్వీసు వలన కలిగినది కాదని పింఛను నిరాకరించిరి. 2013 జూలై 2న సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పుచు, చేర్చుకొనునాడు పరీక్షించి ఆరోగ్యవంతుడని వ్రాసికొనినవారే, తరువాత వచ్చిన వ్యాధికి సర్వీసు కారణము కాదని నిరూపింపవలెను గాని, కారణమని నిరూపించు భారము సిపాయిది కాదని తేల్చినది. ఇది న్యాయస్థానము కొత్తగా కల్పించిన ధర్మము గాదు. 1982 నాటి నియమావళిలోనే ఉన్న మాటను కోర్టు జ్ఞాపకము చేసినది. అది జ్ఞాపకము చేయుటకు పందొమ్మిదియేండ్లు పట్టినది.

రూపాయలలో చూచినచో ఈ వ్యవహారము మరింత తేటపడును. సాధారణ వైకల్య పింఛనులో నూటికి నూరు పాళ్ల వైకల్యమునకు చివరి జీతములో 30 శాతము వచ్చును. చివరి జీతము నెలకు 40,000 రూపాయలైనచో, 20 శాతము వైకల్యమునకు వచ్చునది 2,400. ఏబదిలోపు వైకల్యమును ఏబదిగా లెక్కించు సౌకర్యము 1996 జనవరి 1 నుండి వర్తించునట్లు ఏర్పడినది; ఆ లెక్కన 6,000 రావలెను. అయితే ఆ సౌకర్యమును వైకల్యము వలన మధ్యలో పంపివేయబడినవారికే పరిమితము చేసి, అదే వైకల్యముతో పూర్తి సర్వీసు ముగించినవారికి నిరాకరించిరి. 2014 డిసెంబరులో రామ్ అవతార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ప్రభుత్వపు అప్పీళ్లను వందల కొలది ఒక్కసారిగా త్రోసిపుచ్చువరకు ఆ వివాదము తెగలేదు. తెగిన తరువాతనైనను బకాయి అంతయు చేతికి రాదు. ఆలస్యముగా కోర్టుకు వచ్చినవానికి అంతకు ముందటి మూడేండ్ల బకాయి మాత్రమేయని 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు. 2009 నుండి సైనికులకు ప్రత్యేక ట్రిబ్యునలు పనిచేయుచున్నది, తెలుగు రాష్ట్రములు దాని చెన్నై ధర్మాసనము పరిధిలోనివి. కీమో కొరకు సిరలు దొరకని మనిషి వకాల్తా మీద సంతకము పెట్టవలసి వచ్చుట ఎంత హృదయవిదారకమో వేరుగ చెప్పనేల?

నూరు శాతము వైకల్యము గలవానికి, మెడికల్ బోర్డు సిఫారసుపై, నిరంతర పరిచారకుని కొరకు ప్రత్యేక భత్యము కలదు. 2017 జూలైలో దానిని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించిరి. కరవు భత్యముతోపాటు కొంత పెరుగు ఏర్పాటున్నది గాని, పగలు రాత్రి కనిపెట్టుకొని యుండు ఆయాకు ఈ పట్టణములో నెలజీతమెంతో పద్మారావు నగరు గృహిణులకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి ప్రభుత్వ పక్షమున చెప్పదగిన సమాధానమొకటి కలదు, దానిని చులకన చేయరాదు. ఇది ప్రజల ధనము. దొంగ బిల్లులు పెట్టిన ఆసుపత్రులున్నవి, చేయని పరీక్షలకు డబ్బు గుంజినవారున్నారు, కావున అడుగడుగున కాగితము అడుగక తప్పదందురు. మోసము చేయువాడు ఎవడో గమనింపుడు. బిల్లు పెంచి వ్రాయు ఆసుపత్రిని పట్టుకొనుటకు లెక్కల తనిఖీ యున్నది, ఒప్పందము రద్దు చేయు అధికారమున్నది. ఆసుపత్రి చేయు తప్పునకు రోగిచేత ప్రదక్షిణములు చేయించుట తనిఖీ కాదు. పైగా బిల్లులు తేలక బకాయిలు పేరుకొన్నప్పుడు నిజాయితీగల ఆసుపత్రులే ముందు వెనుకాడి, క్యాష్‌లెస్ లేదు, డబ్బు కట్టుడనుట దేశమున పలుచోట్ల పలుమారులు వార్తలకెక్కినది. అప్పుడు కాగితములన్నియు సక్రమముగా నున్న సిపాయి గూడ నగలు తాకట్టు పెట్టవలసినదే.

నమ్మకము మీద నడచు ఏర్పాటు రక్షణ శాఖకు కొత్తయు గాదు. పూర్వము వైకల్య పింఛనుదారుని కొన్నేండ్లకొకసారి మెడికల్ బోర్డు ముందు నిలిపి, తెగిన కాలు మరల మొలచినదేమోయని పరీక్షించెడివారు. 2001 ఉత్తర్వులతో ఆ పునఃపరీక్షలను ఎత్తివేసి, స్థిరమైన వైకల్యమని ఒకసారి తేలినచో, రోగము ముదిరినదని పింఛనుదారుడు తానై కోరిననే తప్ప మరల పిలువరాదని నిర్ణయించిరి. దాని వలన ఖజానా కూలిపోలేదు. వ్యాధికి కారణమును నిరూపించు భారమును 1982లో సిపాయి మీదినుండి తీసిన రాజ్యము, వైకల్యమును మాటిమాటికి చూపించుకొను భారమును 2001లో తీసిన రాజ్యము, చికిత్సకు అర్హతను దినదినము నిరూపించు మూడవ భారమును గూడ తీసివేయుట ఆ దారిలోనిదే యగు తదుపరి అడుగు.

ఇందుకు చేయవలసినవి స్వల్పము. క్యాన్సరు, డయాలిసిస్, పక్షవాతము వంటి దీర్ఘవ్యాధి ఒకసారి నిర్ధారితమైనచో, చికిత్స ముగియువరకు చెల్లునట్టి ఒక్క రిఫరలు ఇయ్యవలెను. మధ్యలో కావలసిన అనుమతులు ఆసుపత్రియు పాలీక్లినిక్కును తమలో తాము తేల్చుకొనవలెను. ప్రతి పాలీక్లినిక్కులోను మంచము పట్టినవారి జాబితా ఒకటి యుంచి, వారి కాగితములకు పేరు పేరున బాధ్యుడైన ఒక ఉద్యోగిని నియమింపవలెను. ఆ ఉద్యోగి మాజీ జూనియర్ కమిషన్డ్ అధికారియైనచో కుటుంబముతో మాటాడుట సులువగును. పేరు, పుట్టిన తేది వంటి తేడాలను పింఛనుదారుడు అడుగకముందే రికార్డుల కార్యాలయము తనంతట తాను సరిచూచి దిద్దవలెను, ఆర్డినెన్సు, ఇ.ఎం.ఇ. రికార్డులు ఈ ఊరనే యున్నవి గనుక ఈ ప్రయోగమును ఇచ్చటనే ఆరంభింపవచ్చును. నవంబరులో జీవన ప్రమాణపత్రము కొరకు ముఖమును ఫోనునకు చూపలేనివాని ఇంటికి మనిషియే పోవలెను.

ఈ పని నేడు చేయకున్న రేపు మరింత కష్టమగును. 2022లో వచ్చిన అగ్నిపథము ప్రకారము నాలుగేండ్లు నిండి వెడలు యువకునికి పింఛను లేదు, ఇ.సి.హెచ్.ఎస్. లేదు. సర్వీసు వలన వికలాంగుడైనచో వైకల్య తీవ్రతను బట్టి 44, 25, లేక 15 లక్షలు ఒక్కసారి ఇచ్చి పంపుదురు. డబ్బు ఒక్కసారి వచ్చును, రోగమో యావజ్జీవము వెంట నుండును. శిక్షణలో గాయపడి ఇంటికి పంపబడిన క్యాడెట్లను ఎవరును పట్టించుకొనలేదని 2025లో సుప్రీంకోర్టు తనంతట తాను విచారణ చేపట్టిన పిమ్మటనే వారికి ఇ.సి.హెచ్.ఎస్. తలుపు తెరవబడినది. ప్రతి వర్గమునకును కోర్టు వచ్చి తలుపు తీయవలసియుండుట పరిపాలనకు కీర్తికరము గాదు.

సికింద్రాబాదు నుండి లోకసభకు పోవువారు ఏ పక్షమువారైనను, డిసెంబరు 7న సైనిక పతాక దినమున చొక్కాకు జెండా గుచ్చుకొనుటతో తృప్తిపడక, రక్షణ మంత్రిని ఒక్క ప్రశ్న అడుగవలెను: చికిత్స మధ్యలో రిఫరలు గడువు తీరి, అనుమతి రాక, బిల్లు తేలక ఆగిపోయిన రోగులు ఈ యేడు ఎందరు? ఆ లెక్కను ఏటేట పాలీక్లినిక్కు వారీగా సభ ముందు పెట్టవలసి వచ్చినచో, ఇన్నాళ్లు సిపాయి భార్య చేసిన తిరుగుడును కార్యాలయములే చేయ మొదలిడును.