ఆటలో ఆయాసం.. బద్ధకం కాదు
గుర్తింపు, మందు, బాధ్యత.. మూడుచోట్లా లోపమే

ఆదిలాబాద్: డిసెంబరు, జనవరి నెలల్లో జిల్లాలోని పాఠశాలల మైదానాలు ఆటల పోటీలతో కళకళలాడతాయి. జిల్లా చలికి వణికేదీ ఆ నెలల్లోనే. కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోయే ఉదయాల్లోనే విద్యార్థుల చేత సాధన చేయిస్తుంటారు. పత్తి సీజను కావడంతో మార్కెట్లు, జిన్నింగు మిల్లుల పరిసరాల్లో నూగు, ధూళి గాలిలో తేలుతుంటాయి. ఆరోగ్యవంతులైన పిల్లలకు ఇవేవీ పెద్ద అడ్డంకి కాదు. ఆస్తమా ఉన్న చిన్నారికి మాత్రం ఒక్క పరుగు పందెమే ప్రాణసంకటం కావచ్చు.

ఎందుకిలా?

మామూలుగా ముక్కు ద్వారా లోనికి వెళ్లే గాలి వెచ్చబడి, తేమను సంతరించుకుంటుంది. వేగంగా పరుగెత్తేటప్పుడు నోటితో పీల్చిన చల్లని, పొడి గాలి నేరుగా శ్వాసనాళాలను చేరుతుంది. అక్కడి తేమ ఆవిరై, నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్లుండటం దీని లక్షణాలు. ఇవి ఆట మధ్యలోనే కాక, ఆట ఆపిన అయిదు నుంచి పదిహేను నిమిషాల్లోనూ తీవ్రమవుతాయి. సాధారణ అలసట అయితే విశ్రాంతితో కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఇది అరగంట నుంచి గంట వరకూ వేధించవచ్చు.

ఈ తేడా తెలియకపోవడమే మొదటి లోపం. దగ్గుతూ వెనకబడిన విద్యార్థిని బద్ధకస్తుడని మందలించి మరో చుట్టు పరుగెత్తించడం ఒక పొరపాటు. ‘నీకు ఆటలు పనికిరావు’ అంటూ శాశ్వతంగా పక్కన కూర్చోబెట్టడం మరో పొరపాటు.

ఆయాసమంతా ఆస్తమా కాదు

మైదానంలో ఊపిరి అందని ప్రతి చిన్నారికీ ఆస్తమా ఉందనుకోవడమూ సరికాదు. రక్తహీనత, గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ గుండె జబ్బు వంటివీ ఇదే తీరులో బయటపడతాయి. గిరిజన జనాభా అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో సికిల్‌సెల్ రక్తహీనతను విస్మరించరాదు. ఈ వ్యాధి నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. పరుగెత్తుతూ స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా గుండె పరీక్ష జరిగే వరకు ఆ విద్యార్థిని మైదానంలోకి దించరాదు.

గుర్తింపునకు మార్గం లేకపోలేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించాల్సిన జబ్బుల జాబితాలో ఆస్తమా తరహా శ్వాసనాళాల వ్యాధి, రుమాటిక్ గుండె జబ్బు రెండూ ఉన్నాయి. అయితే వైద్య బృందం వచ్చిన రోజున తరగతి గదిలో కూర్చున్న పిల్లవాడి శ్వాస మామూలుగానే ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఆయాసపడుతున్నారో తెలిసేది వ్యాయామ ఉపాధ్యాయుడికే. ఆయన రాసి ఉంచిన పేర్లు వైద్యుడికి చేరితేనే ఆ పరీక్షకు అర్థం ఉంటుంది.

ఇన్‌హేలర్‌పై అపోహలు

ఒకసారి మొదలుపెడితే అలవాటు పడిపోతారన్న భయంతో తల్లిదండ్రులు ఇన్‌హేలర్‌కు వెనకాడుతున్నారు. ఆడపిల్లల విషయంలో పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని జబ్బునే దాచేవారున్నారు. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో పంపిణీ చేసే చేప ప్రసాదంపై ఆశ పెట్టుకునే కుటుంబాలూ అనేకం. దానికి శాస్త్రీయ ఆధారం లేదని జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఏళ్లుగా చెబుతున్నాయి. నమ్మకం ఎవరిదైనా, దాని కోసం మందు ఆపడమే ప్రమాదం.

నిజానికి ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక మాత్రల కంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. వైద్యుడి సలహాపై ఆటకు పావుగంట ముందు సాల్బుటమాల్ పీల్చడం, పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించుకోవడం, చలిలో ముక్కు, నోటికి మఫ్లర్ చుట్టుకోవడం ఉపకరిస్తాయి. అయితే సాల్బుటమాల్ తరచూ అవసరమవుతోందంటే జబ్బు అదుపులో లేదని అర్థం. అప్పుడు వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కావాలి. పన్నెండేళ్లు దాటిన వారికి సాల్బుటమాల్ ఒక్కదానితోనే చికిత్స సాగించరాదని 2019లో అంతర్జాతీయ మార్గదర్శకాలూ స్పష్టం చేశాయి.

ఆ నాలుగు నిమిషాలు

ఆయాసం వస్తే ఆట ఆపి, పిల్లవాడిని నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకోబెట్టరాదు, చుట్టూ గుమిగూడరాదు. స్పేసర్‌కు అమర్చిన సాల్బుటమాల్‌ను ఒక్కో పఫ్‌కు నాలుగు శ్వాసల చొప్పున నాలుగు పఫ్‌లు ఇవ్వాలి. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ నాలుగు ఇవ్వాలి. అప్పటికీ ఉపశమనం లేకుంటే 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చే వరకు మందు కొనసాగించాలి. పెదవులు నీలిరంగుకు మారినా, మాట పూర్తి చేయలేకపోతున్నా, శ్వాసతో పాటు పక్కటెముకల మధ్య చర్మం లోనికి పోతున్నా మొదటి క్షణంలోనే 108కి చెప్పాలి.

స్పేసర్ లేదన్నది సాకు కారాదు. అర లీటరు ప్లాస్టిక్ సీసాకు ఇన్‌హేలర్‌ను గాలి పోకుండా బిగిస్తే అదీ పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లోనే లాన్సెట్ పత్రికలో నిరూపించారు.

బాధ్యత ఎవరిది?

సాల్బుటమాల్, బుడెసొనైడ్ రెండూ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నవే. అవి పాఠశాల ప్రథమ చికిత్స పెట్టెలోనూ ఉండాలి. తాళం వేసిన ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ఇన్‌హేలర్ ఉంటే మైదానంలో కూలిన విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. తల్లిదండ్రులు దగ్గర లేని ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాల్లో ఈ బాధ్యత మరింత పెద్దది. జబ్బు ఏమిటి, మందు ఏది, ఎవరికి ఫోన్ చేయాలన్న వివరాలతో ప్రతి బాధిత విద్యార్థికీ ఒక కాగితం సిద్ధం చేసి వ్యాయామ ఉపాధ్యాయుడికి ఇవ్వాలి. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కర్లేదు. పోటీల సీజనుకు ముందు విద్య, వైద్య, గిరిజన సంక్షేమ శాఖలు ఒక్క రోజు కలిసి కూర్చుంటే చాలు.

బ్రిటన్ క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్‌కు బాల్యం నుంచే ఆస్తమా. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ఆమె ప్రపంచ రికార్డు నెలకొల్పారు. జబ్బు అదుపులో ఉంటే ఆట మానాల్సిన పని లేదు. ఆ అదుపు సాధించడమే పెద్దల పని.