పొట్ట కోయడం ఆఖరి అస్త్రమా?

అమెరికాలో, ఐరోపాలో ఫెర్రెట్‌లను పెంచుకునే వాళ్లలో ఒక లెక్క స్థిరపడిపోయింది. తిండి మానేసి ముడుచుకు పడుకున్న ఫెర్రెట్‌కు ఏడాది వయసుంటే ఏ రబ్బరు ముక్కో మింగి ఉంటుంది, ఐదేళ్లు దాటితే కణితి అయి ఉంటుంది. మొదటిదైతే వెంట్రుకల ఉండలకు వాడే పేస్టు నాకించి రెండు రోజులు చూడాలట. రెండోదైతే స్టెరాయిడ్ మొదలుపెట్టి ఉన్నన్నాళ్లూ బాధ లేకుండా చూసుకోవాలట. పొట్ట కోసి చూడడం మాత్రం రెండు సందర్భాల్లోనూ అన్ని దారులూ మూసుకుపోయాక తలచుకోవాల్సిన మాట. వినడానికి ఇది దయగానే ఉంటుంది. కానీ ఈ జంతువు శరీరం తెలిసిన వాళ్లెవరూ దీన్ని ఒప్పుకోకూడదు. దాని విషయంలో శస్త్రచికిత్స వైద్యం కంటే ముందు రోగనిర్ణయం. అది ఆలస్యమైన కొద్దీ దాని విలువ తరిగిపోతుంది.

చూపుకు ముంగిసలా ఉన్నా ఫెర్రెట్ నీటికుక్కల కుటుంబానికి చెందింది. ఐరోపా అడవుల్లోని పోల్‌క్యాట్ నుంచి రెండు వేల ఏళ్ల కిందటే, బొరియల్లోని కుందేళ్లను తరమడానికి మచ్చిక చేసుకున్న జీవి. పూర్తి మాంసాహారి. పేగు పొట్టిది, అంధనాళం అసలే లేదు. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. మనిషి కడుపుకు పనికొచ్చే 'రెండు రోజులు చూద్దాం' ఇక్కడ ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క సంగతి చెబుతుంది. కిలో అటూ ఇటూ బరువుండే ప్రాణి సన్నటి పేగులో పూర్తి అడ్డు పడితే దాని వెనక గాలి, ద్రవం చేరి గోడ ఉబ్బుతుంది. ఆ చోటికి రక్తం అందదు. గోడ చచ్చి చిల్లు పడుతుంది. ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే జరిగిపోగలదు. ఇక పేస్టు సంగతి: అందులో ప్రధానంగా ఉండేది పెట్రోలియం జెల్లీ, తీపి పాకం. వెంట్రుకలు రాలే కాలంలో ముందుజాగ్రత్తగా కొంచెం నాకిస్తే తప్పు లేదు. పేగులో బిగుసుకున్న రబ్బరును అది కదిలించలేదు. పైగా పాంక్రియాస్‌లో ఇన్సులిన్ కణితి, అంటే ఇన్సులినోమా, ఉన్న జంతువుకు తీపి ఎక్కితే ఇన్సులిన్ ఇంకా ఊరి, చక్కెర ముందుకంటే కిందికి పడిపోవచ్చు.

వయసు లెక్క కూడా నిలబడదు. పిల్ల ఫెర్రెట్‌లు రబ్బరును, స్పాంజిని కొరికి మింగుతాయన్నది నిజమే. కానీ లింఫోమా అనే క్యాన్సరు రెండేళ్లు నిండని వాటికీ వస్తుంది, వాటిలో అది మరింత వేగంగా ముదురుతుంది. అటు ముసలి ఫెర్రెట్ కడుపులో కణితే ఉండాలని లేదు. పిల్లిలాగా వెంట్రుకల ఉండను కక్కేయడం దీనికి అలవాటు లేదు కాబట్టి ఆ ఉండ నెలల తరబడి కడుపులోనే పెరగవచ్చు. అసలు అడ్డంకి ఒక జబ్బు, కణితి మరొక జబ్బు అని విడదీయడమే పొరపాటు. జీర్ణాశయం చివరి ద్వారం దగ్గర పుట్టిన క్యాన్సరు ఆ ద్వారాన్నే మూసేస్తుంది. లింఫోమా పేగు గోడను దళసరి చేసి దారిని ఇరుకు చేస్తుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జేమ్స్ ఫాక్స్ బృందం 1980లలో ఫెర్రెట్ కడుపులో హెలికోబాక్టర్ జాతి బాక్టీరియాను గుర్తించింది. మనుషుల్లో పుండ్లకు కారణమైన బాక్టీరియాకు అది దగ్గరి చుట్టం, పెంపుడు ఫెర్రెట్‌లలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. దీర్ఘకాలపు వాపుకూ కడుపు కణితులకూ దానితో ఉన్న సంబంధాన్ని 1997లో పరిశోధకులు ప్రచురించారు. అంటే పుండు, వాపు, కణితి, అడ్డంకి ఒకే కడుపులో ఒకదాని వెంట ఒకటి రాగలవు.

బయటి లక్షణాలను చూసి వీటిని వేరు చేయవచ్చా? పళ్లు నూరడం, చొంగ కార్చడం, మూతిని కాళ్లతో గోక్కోవడం వికారానికి గుర్తులు. అడ్డంకిలో అవే, పుండులో అవే, చక్కెర పడిపోయినా అవే. వాంతి అయితే తెలుస్తుంది కదా అంటారు. వాంతులను ఆపే మందుల పరిశోధనలో ప్రపంచమంతా వాడిన జంతువు ఫెర్రెట్టే. అయినా కడుపులో వస్తువు ఇరుక్కున్నప్పుడు చాలాసార్లు అది వాంతి చేసుకోదు! ఎక్స్‌రేలో ఎముక, లోహం కనిపిస్తాయి. రబ్బరు, స్పాంజి, వెంట్రుకలు తేలిగ్గా కనిపించవు. అందుకే ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఇంటికి పంపేయడం నిర్ధారణ అనిపించుకోదు. అల్ట్రాసౌండ్ చాలా మేలు. కానీ ఉబ్బిన లింఫు గ్రంథి కనిపిస్తే అది వాపో క్యాన్సరో తెర మీద తేలదు. పెరిగిన ప్లీహం కూడా ఫెర్రెట్‌లలో ఎంత మామూలో తెలియక దాన్ని కణితి అనుకుని కంగారుపడే వాళ్లున్నారు. పొట్ట తెరిచిన సర్జన్ మాత్రం అడ్డును తీసేయగలడు, పేగు గోడ మొత్తం మందం నుంచి ముక్క తీసి పరీక్షకు పంపగలడు. స్కానింగుకు అందని, మిల్లీమీటర్ల లెక్కలో ఉండే పాంక్రియాస్ కణితులను వేలితో తడిమి పట్టగలడు. అడ్రినల్ గ్రంథులనూ అదే కోతలో చూడగలడు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. అమెరికాలో ఇలాంటి ఆపరేషన్ ఖర్చు ఫెర్రెట్‌ను కొన్న ధరకు ఎన్నో రెట్లు. ఆరేడేళ్లు బతికే ప్రాణికి అంత పెట్టలేని కుటుంబాన్ని నిందించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఖర్చు భరించలేమని చెప్పడం వేరు, ఆపరేషన్ అనవసరమని చెప్పడం వేరు. రెండోది వైద్యం పేరుతో మొదటిదాన్ని దాచిపెడుతుంది. మత్తు ప్రమాదం కదా అన్నది మరో ప్రశ్న. ప్రమాదమే, అయితే ఒంట్లో నీరు తగ్గి, చక్కెర పడిపోయి, పేగు చిల్లు పడ్డాక ఇచ్చే మత్తు మరీ ప్రమాదం. ఆఖరిదాకా ఆగినవాళ్లు ఆ రెండో మత్తునే ఎంచుకుంటున్నారు, తరవాత ఫెర్రెట్‌లు ఆపరేషన్‌కు తట్టుకోవని చెబుతున్నారు. మింగినవి కొన్ని వాటంతటవే బయటపడతాయన్నది ఒప్పుకోవాల్సిందే. నీరసపడ్డ ప్రతి ఫెర్రెట్‌నూ బల్ల ఎక్కించమని ఎవరూ అనరు. సెలైన్ పెట్టి, చక్కెర చూసి, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ తీసి, కొన్ని గంటల తరవాత మళ్లీ పరీక్షించవచ్చు. అది ఆసుపత్రిలో గడువు పెట్టుకుని చేసే పరిశీలన. ఇంట్లో పేస్టు నాకిస్తూ దైవం మీద భారం వేయడాన్ని ఆ పేరుతో పిలవకూడదు.

క్యాన్సరే అయితే కోసి ఏం లాభం అన్న మాట మిగిలింది. పేగు లింఫోమాను కత్తి నయం చేయదు, నిజం. కానీ పేగు వాపు జబ్బూ లింఫోమా రెండూ స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు లొంగుతాయి. ముక్క పరీక్ష లేకుండా మందు మొదలైతే ఫెర్రెట్ కోలుకున్నట్టు కనిపిస్తుంది, అది ఏ జబ్బు నుంచో ఎవరికీ తెలియదు. తరవాత ముక్క తీసినా, ముందే పడిన స్టెరాయిడ్ వల్ల కణాల తీరు మారి ఫలితం అస్పష్టంగా రావచ్చు. కుక్కల లింఫోమాలో ముందుగా స్టెరాయిడ్ వాడితే ఆ పైన ఇచ్చే కీమోథెరపీ అంతగా పని చేయదని పశువైద్యులకు తెలిసిందే. కోసి చూస్తే ఏమీ కనిపించలేదనుకుందాం. అప్పుడు కూడా కడుపు, పేగు, లింఫు గ్రంథి ముక్కలు ల్యాబుకు వెళతాయి. ఆ ఇంటివాళ్లు రోజూ నోట్లో వేస్తున్న మాత్ర దేనికో ఆ నివేదికే చెబుతుంది.