బండి సొంతమైతే చాలా?

డ్రైవింగే వృత్తిగా బతికేవారిని స్వయం ఉపాధి పొందేవారిగా పరిగణించవచ్చా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. సొంత లారీ కొనుక్కుని, లోడు దొరికిన చోటల్లా కిరాయి తానే మాట్లాడుకుని, గిట్టుబాటు కాకపోతే వద్దని చెప్పి, అవసరమైతే తన బదులు మరొక డ్రైవరును పంపగలిగిన మనిషి నిస్సందేహంగా వ్యాపారే. లాభనష్టాలు రెండూ అతనివే. కారున్నవారు ఒకటి రెండు రోజుల ప్రయాణానికి పిలుచుకునే యాక్టింగ్ డ్రైవరు కూడా, బత్తా తానే మాట్లాడుకుని పలువురికి పని చేస్తున్నంత కాలం, దాదాపు ఆ కోవలోకే వస్తాడు.

బండి ఎవరిదన్నదే ఏకైక కొలమానమైనప్పుడు చిక్కు మొదలవుతుంది. రెడీమిక్స్ కాంక్రీటు చేరవేసే ఒక డ్రైవరు విషయంలో 1967లో ఇంగ్లండ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. లారీకి కంపెనీ రంగులు వేయించి, కంపెనీ యూనిఫాం తొడుక్కుని, దాని ఆదేశాల ప్రకారం నడుచుకోవలసి ఉన్నా, వాయిదాల మీద కొన్న ఆ లారీ అతనిదే కావడం, మరమ్మతుల ఖర్చు అతనే భరించడం, వేరొక డ్రైవరును పెట్టుకునే వీలుండడం వల్ల అతడు ఉద్యోగి కాడని, స్వతంత్ర కాంట్రాక్టరేనని న్యాయస్థానం తేల్చింది. క్యాబ్ యాప్‌ల కంపెనీలు ఈనాడు చేసే వాదన సారాంశం ఇదే.

మన సుప్రీంకోర్టు ఇంతకంటే లోతుగా చూసిన సందర్భం ఒకటుంది. తెలంగాణ ప్రాంతపు దుకాణాల, సంస్థల చట్టం కింద వచ్చిన సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో, పీసు రేటుకు కుట్టే దర్జీలు తమకు వీలైనప్పుడు వచ్చి వెళ్లేవారే అయినా, కుట్టుమిషన్లు దుకాణానివి కావడం, కుట్టు బాగాలేదని తిప్పికొట్టే అధికారం యజమానికి ఉండడం గమనించి, వారు ఉద్యోగులేనని 1973లో తీర్పు చెప్పింది. క్యాబ్ డ్రైవరు కారు తనదే కదా అని ఎవరైనా అడగవచ్చు. అయితే యాప్ ద్వారా కిరాయి రావాలంటే ఆ యాప్ ఉండాలి, అది కంపెనీది. పైగా ఫైనాన్స్ వాయిదా నెత్తిన ఉన్న డ్రైవరుకు లాగిన్ కాకుండా ఉండే స్వేచ్ఛ కాగితం మీద మాత్రమే మిగులుతుంది.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ కేసులో ఆ యాప్ పనితీరునే పరిశీలించింది. అప్పట్లో ఛార్జీని కంపెనీయే నిర్ణయించేది. ప్రయాణికుడు కారెక్కేదాకా గమ్యం డ్రైవరుకు తెలిసేది కాదు. వరుసగా కిరాయిలు కాదంటే యాప్ తనంతట తానే అతణ్ని పది నిమిషాల పాటు బయటకు నెట్టేసేది. ధర చెప్పలేని, కాదనలేని ఆ డ్రైవర్లకు కనీస వేతనం, వేతనంతో కూడిన సెలవు వర్తించే ‘వర్కర్’ హోదా, అంటే పూర్తి ఉద్యోగికీ స్వయం ఉపాధికీ నడుమ అక్కడి చట్టం గుర్తించిన స్థానం, దక్కింది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన మన సామాజిక భద్రతా స్మృతి మాత్రం యాప్ డ్రైవరు వంటి గిగ్ కార్మికుణ్ని సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపల సంపాదించేవాడిగా నిర్వచించి, విచారించవలసిన ప్రశ్నను నిర్వచనంలోనే పక్కకు నెట్టింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు, గిగ్ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వాలనడం మేలే. కానీ రేటు ఎవరు నిర్ణయించాలి, రోజుకు ఎన్ని గంటలు స్టీరింగ్ పట్టాలి అన్న వాటికి ఆ నిధి జవాబు కాజాలదు.

యాప్ కంపెనీలకు పనిచేసేవారి విషయంలో ఐరోపా సమాఖ్య 2024 నాటి ఆదేశం ఇంతకంటే న్యాయమైనది. కంపెనీ నియంత్రణను సూచించే వాస్తవాలు కనిపించినప్పుడు పనిచేసేవాణ్ని ఉద్యోగిగానే భావించాలని, కాదని రుజువు చేసే భారం కంపెనీదేనని అది నిర్దేశించింది. మన చట్టంలోనూ ఈ నియమాన్ని చేర్చడం వల్ల సొంత లారీ వ్యాపారికి వచ్చే నష్టమేమీ లేదు; కిరాయి తానే మాట్లాడుకునే అతని మీద అలాంటి నియంత్రణ అసలు ఉండదు.